సూచన వేరు, శాసనం వేరు: అండాశయ కాన్సర్‌లో నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.

మన కథల్లోనూ నవలల్లోనూ కాన్సర్ చాలాకాలంగా ఒక ఉద్యోగం చేస్తూ వుంది. కథను ముగించే దారి రచయితకు దొరకనప్పుడు డాక్టరు ప్రవేశిస్తాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. "మహా అయితే ఆరు నెలలు" అంటాడు. సరిగ్గా ఆరో నెలలో ఆ పాత్ర మరణిస్తుంది. పాత కథల్లో జ్యోతిష్కుడు చేసిన పనినే ఈ కథల్లో డాక్టరు చేస్తున్నాడు. నుదుటిరాతను తోసిపుచ్చామనుకునే రచయిత కూడా ఆ రాతను జన్యువుల్లోకి మార్చి, అక్కడినుంచి చదివిస్తున్నాడు. దీన్ని శాస్త్రీయ దృష్టి అనలేం.

ఒక జబ్బు ముందుముందు ఏ దారి పడుతుందో అంచనా కట్టడాన్ని వైద్యులు ప్రోగ్నోసిస్ అంటారు. ఆ అంచనాకు ఆధారమయ్యే గుర్తును ప్రోగ్నోస్టిక్ మార్కర్ అంటారు. 'భవిష్యత్ సూచిక' అనుకుందాం. గత పదిహేను, ఇరవై ఏళ్లుగా అండాశయ కాన్సర్‌లో ఇలాంటి సూచికల కోసం నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ. అనే అణువుల్లో విస్తారమైన అన్వేషణ జరుగుతున్నది. ఆ అన్వేషణ ఏమిటో, అందులో నిలిచేది ఎంతో, నిలవనిది ఎంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యుణ్ణి కాను. హైస్కూల్లో తెలుగు చెప్పుకునేవాణ్ణి. ఈ విషయం జోలికి ఎందుకు వెళ్లానంటే, మా సహోపాధ్యాయిని ఒకామెకు ఈ జబ్బు వచ్చింది. వాళ్లబ్బాయి ఎక్కడినుంచో ఒక పరిశోధనపత్రం సంపాదించి తెచ్చాడు. అందులో ఒక ఆర్.ఎన్.ఎ. పేరు, దాని పక్కన 'ఇది తక్కువగా వున్నవారిలో మనుగడ తక్కువ' అనే అర్థమిచ్చే వాక్యం. "మాస్టారూ, ఈ వాక్యం నా గురించేనా?" అని ఆమె అడిగింది. అది వైద్యానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. ఒక వాక్యం ఎవరిని ఉద్దేశించి చెప్పబడింది, దాని వ్యాప్తి ఎంత అనే ప్రశ్న కూడా. అటువంటి ప్రశ్నలు మన వృత్తిలోనివే.

1. జబ్బు స్వభావం

ముందు జబ్బు సంగతి చూద్దాం. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 3 లక్షల 20 వేల మందికి పైగా స్త్రీలకు అండాశయ కాన్సర్ వస్తున్నది. 2 లక్షలమందికి పైగా మరణిస్తున్నారు. భారతదేశంలో ఏడాదికి సుమారు 47 వేల కొత్త కేసులు. రొమ్ము కాన్సర్ కంటే ఇది చాలా అరుదు, కాని వచ్చినవారిలో మరణించేవారి పాలు చాలా ఎక్కువ.

దీనికి ప్రధాన కారణం ఆలస్యంగా బయటపడటం. అండాశయాలు పొత్తికడుపు లోపల వుంటాయి. గడ్డ పెరిగినా బయటికి తగలదు. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండటం, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం వంటి లక్షణాలను ఇంట్లోవాళ్లూ పట్టించుకోరు, ఆమే పట్టించుకోదు. అమెరికా గణాంకాలు చూస్తే, జబ్బు అండాశయానికే పరిమితమై వుండగా బయటపడినవారిలో అయిదేళ్ల తర్వాత నూటికి 90 మందికి పైగా బతికి వుంటున్నారు. దూరపు అవయవాలకు పాకిన తర్వాత బయటపడినవారిలో 30 మంది చొప్పున మాత్రమే. కాని మొదటి వర్గంవారు తక్కువ, రెండో వర్గంవారు ఎక్కువ.

అలాంటప్పుడు ఆరోగ్యంగా వున్న స్త్రీలందరినీ పరీక్షించి ముందే కనిపెట్టవచ్చు కదా అనిపిస్తుంది. 1981లో రాబర్ట్ బాస్ట్ బృందం కనిపెట్టిన ప్రతిరక్షకం ఆధారంగా రక్తంలో సి.ఎ.-125 అనే పదార్థాన్ని కొలిచే పరీక్ష వచ్చింది. ఆ పరీక్షనూ అల్ట్రాసౌండ్‌నూ ఉపయోగించి బ్రిటన్‌లో 2 లక్షలమందికి పైగా స్త్రీలపై ఒక మహాపరిశోధన చేశారు. 2021లో వెలువడిన తుది ఫలితం నిరాశ కలిగించింది. జబ్బును కొందరిలో కాస్త ముందుగా పట్టుకోగలిగారుగాని మరణాలు తగ్గలేదు.

చికిత్సలో రెండు భాగాలున్నాయి. శస్త్రచికిత్స ద్వారా కనిపించినంత గడ్డను తీసివెయ్యడం ఒకటి, ప్లాటినం జాతి మందులతో కీమోథెరపీ ఇవ్వడం రెండోది. మలిదశలో వచ్చినవారిలో కూడా చాలామందికి మొదటి విడత మందులు బాగా పనిచేస్తాయి. ఆ తర్వాత ఎక్కువమందిలో జబ్బు తిరగబెడుతుంది. కొందరిలో ఆరు నెలలకే, కొందరిలో అయిదేళ్లకు, కొందరిలో అసలు తిరగబెట్టదు. ఒకే దశ, ఒకే శస్త్రచికిత్స, ఒకే మందు అయినా ఇంత తేడా ఎందుకు? సూచికల అన్వేషణ ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

2. అంచనా అంటే ఏమిటి

రోగాలకు భవిష్యత్తును అంచనా కట్టడం మనకు కొత్త కాదు. చరకసంహిత రోగాలను సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని విభజించింది. వైద్యం సాగినంతకాలం అదుపులో వుండేది యాప్యం. అయితే ప్రాచీనుల అంచనాకూ ఆధునికుల అంచనాకూ మౌలికమైన భేదం వుంది. ఆధునిక అంచనా ఒక వ్యక్తిని చూసి చెప్పేది కాదు. ఒక సమూహాన్ని ఏళ్లతరబడి అనుసరించి, లెక్కించి చెప్పేది.

నూరుమంది రోగులను తీసుకుందాం. వారిలో యాభయ్యో మరణం జరిగేసరికి గడిచిన కాలాన్ని మధ్యస్థ మనుగడ కాలం అంటారు. అది మూడేళ్లనుకుందాం. మూడేళ్లు అనగానే వినేవాడు 'మూడేళ్లే బతుకుతుంది' అని అర్థం చేసుకుంటాడు. నిజానికి ఆ లెక్క చెబుతున్నదేమిటి? మూడేళ్లు నిండేనాటికి యాభైమంది బతికే వున్నారని. వారిలో కొందరు నాలుగేళ్లు, కొందరు పదేళ్లు, కొందరు ఇరవయ్యేళ్లు బతకవచ్చు. మధ్యస్థం ఎవరి ఆయుర్దాయమూ కాదు. గుంపును రెండు సమభాగాలుగా కోసే గీత మాత్రమే.

అమెరికన్ జీవపరిణామ శాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్‌కు 1982లో ఉదరకోశపు పొరకు మీసోథీలియోమా అనే అరుదైన కాన్సర్ వచ్చింది. దాని మధ్యస్థ మనుగడ ఎనిమిది నెలలని పుస్తకాల్లో చదివాడు. గణాంకశాస్త్రం తెలిసినవాడు కనక, ఆ గీతకు కుడివైపు తోక చాలా పొడుగ్గా సాగి వుంటుందని గ్రహించాడు. ఆ తోకలో తాను వుండటానికి తగిన కారణాలున్నాయని 1985లో ఒక వ్యాసం రాశాడు. జబ్బు బయటపడిన తర్వాత ఇరవయ్యేళ్లు జీవించి 2002లో వేరొక కాన్సర్‌తో మరణించాడు. ఆయనను బతికించింది ఆ వ్యాసం కాదు. కాని గణాంకాన్ని ఎలా చదవాలో ఆ వ్యాసం నేర్పింది. సాహిత్య విద్యార్థులు దాన్ని పాఠంగా చదువుకోదగ్గది.

ఇక సూచికల్లో మూడు జాతులున్నాయి. వీటిని కలగాపులగం చెయ్యడం పత్రికల్లో తరచుగా జరుగుతున్నది. జబ్బు వుందా లేదా చెప్పేది నిర్ధారణ సూచిక. జబ్బు వున్నవారిలో దాని గమనం ఎలా వుండవచ్చో చెప్పేది భవిష్యత్ సూచిక. ఫలానా మందు ఫలానావారికి పనిచేస్తుందా లేదా చెప్పేది చికిత్సా సూచిక. మూడోదానికి ఒక ఉదాహరణ: బి.ఆర్.సి.ఎ. జన్యువుల్లో మార్పు వున్న మలిదశ రోగులకు, మొదటి కీమోథెరపీకి గడ్డ లొంగిన తర్వాత ఓలాపరిబ్ అనే మందును కొనసాగిస్తే, జబ్బు ముదరడమో మరణమో సంభవించే ప్రమాదం సుమారు 70 శాతం తగ్గిందని 2018లో నిరూపితమైంది. ఆ సూచిక వల్ల చెయ్యవలసిన పని ఒకటి తేలింది. భవిష్యత్ సూచిక ఒక్కటే వుండి, దాని వెనక చెయ్యగల పని లేకపోతే, రోగికి మిగిలేది భయమే. ఈ తేడాను ముందు గుర్తుంచుకోవాలి.

3. రాయని ఆర్.ఎన్.ఎ.

ఇప్పుడు అసలు అణువు దగ్గరకు వద్దాం. మన ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే గ్రంథం వుంది. దాన్ని అవసరమైనచోట నకలు రాసిపెట్టేది ఆర్.ఎన్.ఎ. ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవుతుంది. ఈ సమాచార గమనాన్ని ఫ్రాన్సిస్ క్రిక్ 1957లో సూత్రీకరించాడు. నకలులోని ఏ మూడక్షరాలు ఏ అమైనో ఆమ్లానికి గుర్తో విప్పిచెప్పినవారిలో మన దేశంలో పుట్టిన హరగోవింద ఖొరానా ఒకరు. అందుకు 1968లో నోబెల్ బహుమానం పంచుకున్నారు.

ఈ చిత్రంలో ప్రొటీన్ కథానాయకుడు. ఆర్.ఎన్.ఎ. కబురు మోసే బంటు. ప్రొటీన్ తయారీకి తోడ్పడే కొన్ని ఆర్.ఎన్.ఎ.లు తామే ప్రొటీన్‌గా మారవని అప్పటికే తెలుసుగాని, వాటిని కార్ఖానాలోని పనిముట్లుగా లెక్కగట్టారు. డి.ఎన్.ఎ.లో ప్రొటీన్‌కు సంబంధించని భాగం చాలా వుందని తేలినప్పుడు దాన్ని ఏమనాలో తోచలేదు. 1972లో సుసుము ఓనో దాన్ని 'జంక్', అంటే చెత్త సామాను అన్నాడు. మానవ జన్యుపటం 2001లో ముసాయిదాగా, 2003లో పూర్తిరూపంలో ప్రకటితమైంది. 300 కోట్ల అక్షరాల ఆ గ్రంథంలో ప్రొటీన్‌లకు నేరుగా సంకేతమిచ్చేది రెండు శాతం కూడా లేదు. ప్రొటీన్ జన్యువులు సుమారు 20 వేలు. మిల్లీమీటరు పొడుగుండే ఒక నులిపురుగుకు కూడా దాదాపు అన్నే వున్నాయి.

ఆ నులిపురుగులోనే 1993లో విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్‌కన్ బృందాలు ఒక వింతను కనిపెట్టాయి. లిన్-4 అనే జన్యువు ప్రొటీన్‌ను ఇవ్వదు. 22 అక్షరాల చిన్న ఆర్.ఎన్.ఎ. ముక్కను మాత్రమే ఇస్తుంది. ఆ ముక్క మరొక జన్యువు తాలూకు కబురు ఆర్.ఎన్.ఎ.కు అతుక్కుని, ఆ కబురు ప్రొటీన్‌గా మారకుండా ఆపుతుంది. ఇది పురుగుల గొడవ అని చాలామంది పక్కన పెట్టారు. 2000లో రవ్‌కన్ బృందం కనిపెట్టిన లెట్-7 అనే రెండో ముక్క మనుషులతో సహా అనేక జంతువుల్లో వుందని తేలాక అందరూ ఇటు తిరిగారు. వీటికి మైక్రో ఆర్.ఎన్.ఎ.లు అని పేరు. మనిషిలో ఇలాంటివి వెయ్యికి పైగా వున్నట్లు లెక్క. ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ బహుమానం వచ్చింది.

200 అక్షరాలు దాటిన నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.లను దీర్ఘ ఆర్.ఎన్.ఎ.లు అంటారు. స్త్రీ కణంలోని రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని నిద్రపుచ్చే ఎక్సిస్ట్ వీటిలో ఒకటి. అది 1991లో బయటపడింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో సుభాష్ చంద్ర లఖోటియా దశాబ్దాలపాటు అధ్యయనం చేసిన పండుఈగ జన్యువు కూడా ఈ జాతిదే. అంటే, ఈ విషయం లోకం చెవిన పడకముందే దీనిపై ఓపిగ్గా కృషిచేసినవారు మన దేశంలో వున్నారు.

భాషలోంచి ఒక పోలిక చెబుతాను. 'రాముడు రావణుణ్ణి చంపాడు.' 'రాముణ్ణి రావణుడు చంపాడు.' నామవాచకాలు అవే, క్రియ అదే. మారింది ప్రత్యయాలు మాత్రమే, కాని రామాయణం తలకిందులైంది. ప్రత్యయానికి నిఘంటువులో నామవాచకానికి వున్నట్టి అర్థం లేదు కనక అది చెత్త అని ఏ వ్యాకర్తా అనడు. ప్రొటీన్ జన్యువులు నామవాచకాలైతే నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ.లు కొంతవరకు ప్రత్యయాల వంటివి.

అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. ప్రతి ప్రత్యయానికీ వాక్యంలో పని వుంటుంది. డి.ఎన్.ఎ.లో ప్రతి అక్షరానికీ పని వుందని చెప్పలేం. 2012లో ఎన్‌కోడ్ అనే అంతర్జాతీయ బృందం జన్యుపటంలో 80 శాతానికి ఏదో ఒక జీవరసాయన ప్రమేయం వుందని ప్రకటించినప్పుడు, 'ప్రమేయం' వేరు 'ప్రయోజనం' వేరు అని ఇతర శాస్త్రవేత్తలు గట్టిగా విమర్శించారు. అట్టడుగున అణగారినదంతా మహత్తరమైనదే అనే భావుకత సాహిత్యంలోలాగే శాస్త్రంలోనూ పనికిరాదు. చెత్త అనడం తొందరపాటైతే, అంతా రత్నమే అనడం కూడా తొందరపాటే.

4. ఒకే సూచిక, రెండు అర్థాలు

కాన్సర్ సూచికలుగా ఇవి ఎందుకు ఆకర్షించాయి? 2011లో అమెరికాలో 489 అండాశయ కణితులను సమగ్రంగా విశ్లేషించారు. అవి అన్నిటికంటే సాధారణమైన తీవ్రతరగతికి చెందినవి. ఆ రకం కణితుల్లో 96 శాతంలో టి.పి.53 అనే జన్యువు దెబ్బతిని వుంది. జబ్బు పుట్టుక దృష్ట్యా అది ముఖ్యమైన సంగతే. కాని దాదాపు అందరిలోనూ వుండే గుర్తు ఎవరినీ ఎవరినుంచీ వేరుచెయ్యలేదు. తేడాలను మరోచోట వెతకాలి. ఏ జన్యువు ఎంత పలుకుతున్నదో అదుపుచేసే మైక్రో ఆర్.ఎన్.ఎ.లలో వెతకడం సహజం. పైగా అవి చిన్నవి, గట్టివి. ఆసుపత్రుల్లో మైనపు దిమ్మెల్లో ఏళ్లతరబడి భద్రపరచిన కణజాలం నుంచి కూడా వాటిని తీసి కొలవవచ్చు. రక్తంలో కూడా అవి చెక్కుచెదరకుండా తిరుగుతుంటాయని 2008లో తేలింది.

వీటిలో మిర్-200 కుటుంబం ప్రసిద్ధమైనది. దాని పని ఇది: అవయవాల పైపొరలోని కణాలు ఇ-కాడ్‌హెరిన్ అనే ప్రొటీన్‌తో ఒకదానినొకటి చేతులు కలిపి పట్టుకుని వుంటాయి. జెబ్-1, జెబ్-2 అనే ప్రొటీన్‌లు ఆ పట్టును తెంచుతాయి. మిర్-200 ఆ జెబ్‌లను అణచివుంచుతుంది. అంటే మిర్-200 తగ్గితే జెబ్‌లు పెరుగుతాయి, పట్టు సడలుతుంది, కణాలు విడిపోయి సంచారానికి బయలుదేరతాయి. జెబ్‌లు కూడా మిర్-200ను అణచగలవు. ఇది ఒకవైపు నుంచి నడిచే పెత్తనం కాదు, పరస్పర నిరోధం. 2008లో పలు ప్రయోగశాలలు దీన్ని ఇంచుమించు ఒకేసారి ప్రకటించాయి.

దీన్నిబట్టి మిర్-200 తక్కువగా వున్న రోగికి జబ్బు త్వరగా ముదరాలి. 2009లో అమెరికాలో మలిదశకు చేరిన 55 కణితులను పరిశీలించినవారు అలాగే చెప్పారు: ఆ కుటుంబపు ఆర్.ఎన్.ఎ.లు తక్కువగా వున్నవారిలో జబ్బు తిరగబెట్టడం, మరణం ఎక్కువ. కాని అంతకు ముందటి ఏడాది, 2008లో, కొరియాలో 20 కణితులను పరిశీలించినవారు సరిగ్గా తలకిందుల ఫలితం ప్రకటించారు: మిర్-200, దాని కుటుంబానికే చెందిన మిర్-141, మిర్-429 ఎక్కువగా వున్నవారిలో మనుగడ తక్కువ.

ఎవరిది నిజం? ఈ ప్రశ్న వేసే పద్ధతిలోనే చిక్కు వుంది. ఇరవైమంది, యాభైఅయిదుమంది అనేవి చిన్న సంఖ్యలు. రెండు గుంపుల కూర్పు ఒకటి కాదు. కొలిచే సాధనాలు వేరు. కణితి ముక్కలో కాన్సర్ కణాలు ఎన్ని, చుట్టూ వున్న మామూలు కణాలు ఎన్ని అనే నిష్పత్తిని బట్టి కూడా కొలత మారుతుంది. 'ఎక్కువ', 'తక్కువ' అనే మాటలు దేనితో పోల్చి? మామూలు అండాశయపు పైపొరతో పోలిస్తే కణితుల్లో మిర్-200 సాధారణంగా ఎక్కువే. ఆ ఎక్కువ వున్న కణితుల్లో మళ్లీ తక్కువ వున్నవి, ఎక్కువ వున్నవి అని విభజిస్తున్నారు. ప్రకరణం తెలియకుండా శ్లేషపదానికి అర్థం చెప్పలేనట్లే, గుంపు తెలియకుండా ఈ కొలతకు అర్థం చెప్పలేం.

దీర్ఘ ఆర్.ఎన్.ఎ.ల్లో హోటేర్‌ది ఇలాంటి ప్రయాణమే. 2007లో జాన్ రిన్, హోవర్డ్ చాంగ్ బృందం దాన్ని కనిపెట్టింది. 2010లో రొమ్ము కాన్సర్ వ్యాప్తితో దానికి సంబంధం చూపారు. 2014లో చైనా పరిశోధకులు అండాశయ కాన్సర్‌లో హోటేర్ ఎక్కువగా వున్నవారి భవిష్యత్తు బాగా లేదని చూపారు. ఆ తర్వాత ఇతర దీర్ఘ ఆర్.ఎన్.ఎ.ల మీద కూడా ఇదే నమూనాలో పత్రాలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి.

పేరు ఎలా తప్పుదారి పట్టిస్తుందో మలాట్-1 చరిత్ర చెబుతుంది. 2003లో ఊపిరితిత్తుల కాన్సర్‌లో భవిష్యత్ సూచికగా బయటపడింది కనక దాని పేరులోనే 'వ్యాప్తితో సంబంధమున్నది' అనే మాట ఇరికించారు. 2012లో ఆ జన్యువును పూర్తిగా తీసేసిన ఎలుకలు మామూలుగానే పెరిగాయి. 2018లో ఒక బృందం రొమ్ము కాన్సర్ ఎలుకల్లో అది వ్యాప్తిని అణచుతుందని చూపింది. జబ్బుతోపాటు కనిపించిందని జబ్బుకు కారకుడనే ముద్ర వేశారు. ముద్ర పేరుగా స్థిరపడింది. పాత్ర మీద ముందే తీర్పు చెప్పే పేరు పెట్టి, కథంతా ఆ పేరుకు లోబడి నడిపించే రచయితలు మనలోనూ లేకపోలేదు.

5. పత్రాన్ని ఎలా చదవాలి

అంచేత ఇటువంటి పత్రం చేతికి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని వున్నాయి.

మొదటిది: ఎన్నింటిని వెతికి దీన్ని పట్టుకున్నారు? నూటికి అయిదు సందర్భాల్లో కాకతాళీయంగా జరగగలిగినదాన్ని పరిశోధకులు సాధారణంగా గణనీయం అని ఒప్పుకుంటారు. నాలుగు వందల ఆర్.ఎన్.ఎ.లను పరీక్షిస్తే ఏ సంబంధమూ లేకపోయినా ఇరవై గణనీయంగా కనబడతాయి. ఆ ఇరవైలోంచి ఒకటి ఎంచుకుని కథ అల్లడం కష్టం కాదు.

రెండోది: దీన్ని మరొక గుంపులో, మరొకరు సరిచూశారా? 2016లో ఇటలీ పరిశోధకులు 35 మైక్రో ఆర్.ఎన్.ఎ.ల కొలతలను కలిపి, జబ్బు త్వరగా తిరగబెట్టే ప్రమాదాన్ని అంచనా కట్టే నమూనాను ప్రకటించారు. 179 మంది గుంపులో దాన్ని తయారుచేసి, 263 మంది, 452 మంది వున్న వేరే గుంపుల్లో పరీక్షించారు. ఈ రంగంలో మెచ్చుకోదగిన పద్ధతి ఇది. ఒకే అణువును నాయకుణ్ణి చెయ్యకుండా సమష్టిని లెక్కలోకి తీసుకోవడం అందులో ఇంకొక గుణం.

మూడోది: ఇప్పటికే తెలిసిన విషయాలకు ఇది ఏమైనా అదనంగా చెబుతున్నదా? జబ్బు దశ, వయస్సు, కణితి రకం, శస్త్రచికిత్స తర్వాత మిగిలిన గడ్డ ఎంత అనేవి తెలిశాక కూడా ఈ ఆర్.ఎన్.ఎ. కొత్త సంగతి చెప్పగలిగితేనే దానికి స్వతంత్ర విలువ.

నాలుగోది: కొలత నమ్మదగినదేనా? రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు పగిలితే వాటిలోని మిర్-451, మిర్-16 ప్లాస్మాలో కలిసి లెక్క తారుమారవుతుంది. సూది గుచ్చిన తీరు రోగి భవిష్యత్తుగా కనబడే ప్రమాదం వుందన్నమాట. ఇలాంటి అధ్యయనాల్లో ఏ వివరాలు తప్పనిసరిగా చెప్పాలో నిర్దేశిస్తూ 2005లోనే రిమార్క్ అనే నియమావళి వచ్చింది. అది వున్నదనే సంగతి పత్రం చదివేవారికి కూడా తెలియాలి.

ఇంత కృషి తర్వాత కూడా అండాశయ కాన్సర్ రోగికి ఫలానా చికిత్స ఇవ్వాలా వద్దా అని నాన్‌కోడింగ్ ఆర్.ఎన్.ఎ. పరీక్షనుబట్టి నిర్ణయించడం మామూలు వైద్యంలోకి రాలేదు. అది అసాధ్యమనలేం. ప్రోస్టేట్ కాన్సర్‌లో పి.సి.ఎ.3 అనే దీర్ఘ ఆర్.ఎన్.ఎ.ను మూత్రంలో కొలిచే పరీక్షకు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. మళ్లీ ముక్కతీసి పరీక్షించాలా వద్దా అనే నిర్ణయానికి అది తోడ్పడుతుంది. స్పష్టమైన ఒక ప్రశ్నకు జవాబు చెప్పింది కనక అది ఆసుపత్రికి చేరింది.

నా సహోపాధ్యాయిని ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. ఆ వాక్యం ఆమె గురించి కాదు. ఆమె కణితిలో ఆ ఆర్.ఎన్.ఎ.ను ఎవరూ కొలవనే లేదు. కొలిచినా, ఏ గుంపుతో పోల్చాలో ఆ పత్రం తేల్చలేదు. పోల్చినా, వచ్చేది ఒక సంభావ్యత మాత్రమే. నేను ఈ మూడు మాటలే ఆమెతో చెప్పాను. వైద్యురాలిని అడగవలసిన ప్రశ్నలు వేరే వున్నాయని, అవి ఒక కాగితం మీద ఇద్దరం కలిసి రాసుకున్నాం: శస్త్రచికిత్సలో గడ్డ ఎంత మిగిలింది? బి.ఆర్.సి.ఎ. పరీక్ష చేయించాలా? మందుల విడతల మధ్య ఎడం పెరిగితే ఏమవుతుంది?

6. లెక్కలోకి రానిది

ఆ మొదటి ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. మలిదశ అండాశయ కాన్సర్‌లో రోగి భవిష్యత్తును చెప్పే బలమైన సూచికల్లో ఒకటి శస్త్రచికిత్స తర్వాత మిగిలిన గడ్డ పరిమాణం. కంటికి కనిపించే గడ్డ ఏదీ మిగలకపోవడం అన్నిటికంటే మేలు. ఇది కొంత కణితి స్వభావాన్ని బట్టి వుంటుంది. కొంత శస్త్రవైద్యుల శిక్షణ మీద, ఆసుపత్రి వసతుల మీద, రోగి అక్కడికి ఎప్పుడు చేరిందన్నదాని మీద ఆధారపడి వుంటుంది. అంటే ఒక స్త్రీ భవిష్యత్ సూచికలో కొంత భాగం ఆమె కణాల్లో లేదు. ఊరినుంచి నగరానికి వున్న దూరంలో, దారిఖర్చుల్లో, 'కడుపుబ్బరమే కదా' అని ఇంట్లో గడిచిపోయిన నెలల్లో వుంది.

ఆర్.ఎన్.ఎ. అధ్యయనాలు ఆసుపత్రికి చేరినవారి కణితులతోనే మొదలవుతాయి. చేరనివారి నమూనా ఏ మైనపు దిమ్మెలోనూ వుండదు. ఇందుకు ఆర్.ఎన్.ఎ.లను తప్పుపట్టడం అర్థంలేనిది. అణువు స్థాయిలో జరిగేది నిజమే, సమాజం స్థాయిలో జరిగేదీ నిజమే. ఒకటి చెప్పి రెండోదాన్ని మింగేస్తే సత్యం సగమవుతుంది. అణువును తీసిపారేసి అంతా వ్యవస్థ మీదకు నెట్టే రచన కూడా అంతే సగం.

కొత్తగా రాస్తున్నవారికి, శాస్త్ర విషయాలను తెలుగులోకి తెస్తున్న విద్యార్థులకు ఇందులోంచి ఆచరణలో పెట్టదగిన విషయం ఒకటుంది. అది క్రియాపదానికి సంబంధించినది. 'సంబంధం కనిపించింది', 'కారణమైంది', 'ముందే చెబుతుంది' అనేవి మూడు వేర్వేరు వాదాలు. మొదటిదానికి ఇరవైమంది రోగులు చాలవచ్చు. రెండోదానికి ప్రయోగం కావాలి. మూడోదానికి వందలాదిమంది, ఏళ్లతరబడి అనుసరణ, వేరే గుంపులో సరిచూడటం కావాలి. అనువదించేటప్పుడు మొదటి క్రియ చోట మూడో క్రియ వేస్తే భాషాదోషం కాదు కనక ఏ సంపాదకుడూ దిద్దడు. కాని ఆ వాక్యం ఎక్కడో ఒక ఇంట్లో, రిపోర్టుల కట్ట ముందేసుకుని కూర్చున్న ఒక మనిషి చేతికి చేరుతుంది. కనక 'కాన్సర్ గమనాన్ని ముందే చెప్పే ఆర్.ఎన్.ఎ. కనిపెట్టారు' అని రాసే ముందు, ఆ వాక్యంలో మూడు పదాలకు చోటు చూడండి: ఎవరిలో, ఎంతమందిలో, దేనితో పోల్చి.